పొద్దున వేసిన ముగ్గు మధ్యాహ్నానికి ఉందా? కర్నూలు నడిబొడ్డున నెమ్మదైన ఇల్లు వెతికేవారికి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీ శ్రీమతి స్టాఫ్ నర్సు, నంద్యాల నుంచి కర్నూలు పెద్దాసుపత్రికి బదిలీ అయ్యారు. మీరు ఇంట్లోనే కూర్చుని కంప్యూటర్ మీద పని చేసుకుంటారు. నాలుగో తరగతి పాప, ఈ ఏడే బడిలో వేయాల్సిన బాబు, మోకాళ్ళ నొప్పులున్న అమ్మ. బాడుగ 15 వేలు దాటకూడదు. సెంటర్‌కు దగ్గరగా ఉండాలి, అయినా గోల లేకుండా, కుటుంబాలు కాపురాలుండే చోటు కావాలి. ఏ కాలనీ మంచిది, నచ్చితే అక్కడే ఇల్లు కొనేయవచ్చా అని అడిగారు.

నేను ఈ ఊళ్ళో ఇళ్ళకు ప్లాన్లు గీస్తాను, బ్యాంకు లోన్ల కోసం ఇళ్ళ విలువ కడతాను. ఆ పని మీద మిద్దెలెక్కి, సంపుల మూతలు తీసి, గోడల పగుళ్ళు చూసి చూసి ఒకటి మాత్రం గట్టిగా చెప్పగలను. కర్నూల్లో కాలనీ పేరు విని ఇల్లు పట్టుకోకండి, వీధి చూసి పట్టుకోండి. ఒకే కాలనీలో ఒక వీధి పిల్లలు సైకిల్ నేర్చుకునేంత నెమ్మదిగా ఉంటుంది, దాని వెనక వీధిలో పగలంతా హారన్లే. నీళ్ళ సంగతీ అంతే, వరద సంగతీ అంతే.

ముందు ఊరి తీరు కొంచెం తెలియాలి. నడిబొడ్డు అంటే కొండారెడ్డి బురుజు చుట్టుపక్కల. తుంగభద్ర, దాంట్లో వచ్చి కలిసే హంద్రీ, ఈ రెంటి నడుమ పాతబస్తీ. షరాఫ్ బజారు, ఇరుకు సందులు, గోడకు గోడ ఆనుకుని ఇళ్ళు అన్నీ అటే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయినప్పుడు ఆఫీసులకు, ఉద్యోగులకు ఆ పాత ఊళ్ళో చోటు చాలలేదు. గుడారాలు వేశారు, ఆపైన క్వార్టర్లు కట్టారు. 1956 నవంబరులో రాజధాని హైదరాబాదుకు వెళ్ళిపోయింది కానీ ఎ.క్యాంప్, బి.క్యాంప్, సి.క్యాంప్ మిగిలిపోయాయి. అప్పుడు ఊరి చివర ఉన్నవి ఇప్పుడు ఊరి మధ్యలోకి వచ్చేశాయి. అందువల్ల మీలాంటి వాళ్ళకు ఇక్కడ ఒక మేలుంది. ప్రశాంతంగా బతకాలంటే హైవే అవతలికి పోనక్కర్లేదు, వెడల్పు రోడ్లు, వేపచెట్లు ఉన్న వీధులు సెంటర్‌కు ఆటో దూరంలోనే దొరుకుతాయి.

ఇక ఇల్లు చూసేటప్పుడు అన్నిటికంటే ముందు చూడాల్సింది ఎత్తు. బాడుగకైనా సరే, కొనడానికైనా సరే.

2009 అక్టోబరు 2 తేదీ ఈ ఊళ్ళో పుట్టి పెరిగిన ఎవరినడిగినా చెప్తారు. ఎగువన కురిసిన వానలకు తుంగభద్ర, హంద్రీ కలిసికట్టుగా పొంగాయి. దిగువన శ్రీశైలం జలాశయం 885 అడుగుల పూర్తి మట్టాన్ని దాటి నిండిపోయింది. నీళ్ళు కిందికి లాగే దారి లేక ఊరి మీదికి ఎగదన్నాయి. పాతబస్తీలో చాలా ఇళ్ళు మొదటి అంతస్తు దాకా మునిగాయి. జనం మిద్దెల మీద రాత్రంతా గడిపారు. తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు, తాగడానికి నీళ్ళు లేవు, ఇళ్ళ నిండా ఒండ్రు.

బయటి నుంచి వచ్చినవాళ్ళకు ఇది పాత కథలాగే అనిపిస్తుంది. ఇల్లు చూపించే ఓనరు తనంతట తాను ఆ వరద మాట ఎత్తడు. కొత్త రంగు వేసిన గోడను చూస్తే మీకేమీ తెలియదు. అయినా ఆనవాళ్ళుంటాయి. పాత టేకు ద్వారబంధాలున్న ఇల్లయితే కింది మూరెడు మేర చెక్క ఉబ్బి, పీచులు లేచి, మీద లప్పం పెట్టి రంగు కొట్టి ఉంటుంది. స్విచ్‌బోర్డులు మామూలు ఎత్తు కంటే బాగా పైన ఉన్నాయా చూడండి. వరద తర్వాత వైరింగ్ మార్చినప్పుడు చాలామంది వాటిని పైకి ఎత్తించుకున్నారు, కరెంటు మీటరు కూడా మెట్ల మలుపు దగ్గరికి పెట్టించుకున్నారు. గోడ కింది భాగంలో ప్లాస్టరింగ్ ఒక రకంగా, పైన మరో రకంగా, మధ్యలో మనిషెత్తున అడ్డంగా సన్నటి గీత ఉంటే అక్కడిదాకా పూత చెక్కి మళ్ళీ చేశారన్నమాట. ఇంటి లోపలి నేల వీధి కంటే నాలుగైదు మెట్లు పైకి ఉండి, ఆ పక్క పాత ఇల్లు వీధి కంటే కిందికి ఉంటే కొత్త ఇంటాయన ఎందుకంత ఎత్తు లేపాడో అడగండి.

అన్నిటికంటే తేలిక దారి ఇంకోటి ఉంది. వీధి మొదట్లో కిరాణా అంగడి ఉంటుంది కదా, అక్కడ ఏదైనా కొనుక్కుని, "అన్నా, 2009లో నీళ్ళు ఎంత దాకా వచ్చాయి?" అని అడగండి. చేత్తో చూపిస్తారు. అందులో అబద్ధం చెప్పాల్సిన పని వాళ్ళకు లేదు. పెద్దాసుపత్రి బుధవారపేటలో కాబట్టి దగ్గర అవుతుందని ఆ పక్క దిగువ సందుల్లో ఇల్లు చూడాలని మీకు అనిపిస్తుంది. చూడండి, తప్పు లేదు, కానీ ఈ ప్రశ్న అడిగాకే. మీ అమ్మగారికి కింది పోర్షనే కావాలి, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను. మెట్లెక్కలేని పెద్దామెను నీళ్ళొచ్చిన రాత్రి మిద్దె మీదికి మోసుకెళ్ళే పరిస్థితి రాకూడదు. కల్లూరు వైపు చూసినా ఇదే మాట. అక్కడ వక్కెర వాగు ఉంది, పెద్ద వాన పడితే దాని పక్క వీధుల సంగతి వేరు.

ఇక ప్రశాంతత. మీరు పగలు ఇంట్లో పని చేస్తారు, మీ శ్రీమతి నైట్ డ్యూటీ చేసి వచ్చి పగలు నిద్రపోవాలి. అంటే మీకు రాత్రి ప్రశాంతత ఒక్కటే చాలదు, పగటిదీ కావాలి. ఈ తేడా చాలామంది గుర్తించరు. సాయంత్రం ఆరింటికి వెళ్ళి చూసి, "అబ్బ, ఎంత బాగుందో" అని అడ్వాన్స్ ఇచ్చేస్తారు.

ఒక వీధి నెమ్మదైనదా కాదా తెలియాలంటే పొద్దున పదకొండు, పన్నెండు మధ్య నడిచి చూడండి. ఇళ్ళ ముందు పొద్దున వేసిన ముగ్గులు చెదరకుండా ఉన్నాయంటే ఆ వీధిలోకి ఆ వీధివాళ్ళ బండ్లు తప్ప వేరేవి రావడం లేదు. ముగ్గు సగం వీధి మీదికి వేసి ఉంటే ఇంకా మంచిది, ఆడవాళ్ళు ధైర్యంగా వీధిలో కూర్చుని వేస్తున్నారన్నమాట. గీతలన్నీ టైర్ల కింద తుడిచిపెట్టుకుపోయి తెల్ల మరకలే మిగిలితే ఆ వీధి రెండు మెయిన్ రోడ్ల మధ్య అడ్డదారి. నంద్యాల రోడ్డు, బళ్ళారి రోడ్డు లాంటి వాటి నుంచి సిగ్నల్ తప్పించుకోవడానికి కుర్రవాళ్ళు ఇలాంటి వీధుల్లోనే దూరిపోతారు. ఇంకో గుర్తు స్పీడ్‌బ్రేకర్లు. నగరపాలక సంస్థ వేసినవి సరే, వీధివాళ్ళే సిమెంటు కలిపి వేసుకున్న గుట్టలు రెండు మూడు కనిపిస్తే అక్కడ బండ్ల వేగంతో జనం విసిగిపోయారని అర్థం. మీరు వెతకాల్సింది ఒక కొస మూసుకుపోయిన వీధి, లేదా తిరిగి అదే కాలనీలోకి వచ్చే వీధి. మెయిన్ రోడ్డు నుంచి రెండో మూడో లైన్లో ఉంటే చాలు, నడిస్తే ఐదు నిమిషాలు, చప్పుడు మాత్రం సగానికి సగం తగ్గిపోతుంది.

తర్వాత ఆసుపత్రులు. కర్నూలు వైద్యానికి పెట్టింది పేరు. గద్వాల వైపు నుంచి, రాయచూరు, బళ్ళారి వైపు నుంచి కూడా రోగులు ఇక్కడికే వస్తారు. అది ఊరికి గొప్ప, కానీ దాని ప్రభావం నివాస కాలనీల మీద పడింది. గాయత్రి ఎస్టేట్స్, ఎన్.ఆర్.పేట ఒకప్పుడు ఇళ్ళ కాలనీలు. ఇప్పుడు అక్కడ వీధికి ఎన్ని నర్సింగ్‌హోంలు, ల్యాబులు, స్కానింగ్ సెంటర్లు ఉన్నాయో మీరే చూస్తారు. నర్సింగ్‌హోం పక్కింట్లో బాడుగకు ఉండటమంటే, కరెంటు పోయిన ప్రతిసారీ జనరేటరు, అర్ధరాత్రి అంబులెన్సు, మీ గేటుకు అడ్డంగా ఎవరివో బండ్లు, వరండా మెట్ల మీద అలసిపోయి కూర్చున్న రోగుల బంధువులు. వాళ్ళను లేవమనడానికి నోరు రాదు. పాపం వాళ్ళు మాత్రం ఏం చేస్తారు. మీ పాప రోజూ ఆ బండ్ల మధ్య నుంచి సైకిల్ తీయాలి. అయినా ఆ కాలనీలను పూర్తిగా కొట్టేయకండి. వాటిలోనే వెనక వీధులు కొన్ని ఇప్పటికీ ఇళ్ళుగానే ఉన్నాయి. పక్క ఇల్లు, ఎదురిల్లు ఏమిటో, వాటిలో ఖాళీగా ఉన్నది ఏదైనా ఉందా, దాన్ని దేనికి ఇవ్వబోతున్నారో కనుక్కోండి. ఖాళీ పెద్ద ఇల్లు రేపు ల్యాబ్ అవుతుంది, లేదా హాస్టల్ అవుతుంది.

ఫంక్షన్ హాలు సంగతి మీకు నంద్యాలలోనూ తెలిసే ఉంటుంది. ముహూర్తాల నెలల్లో తెల్లవారుజామున మేళం, రాత్రి డీజే. చట్టప్రకారం రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా మైకులు పెట్టకూడదు, నివాస ప్రాంతంలో శబ్దం పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు. 112కు ఫోన్ చేస్తే పోలీసులు వచ్చి ఆపిస్తారు. కానీ సీజన్ అంతా ఫోన్లు చేస్తూ కూర్చోలేరు కదా, హాలుకు రెండు వీధుల దూరంలో ఇల్లు చూసుకోవడం మేలు. మూడు నాలుగు అంతస్తుల హాస్టళ్ళున్న వీధిదీ ఇదే బాధ. పిల్లలు మంచివాళ్ళే, అయినా రెండు వందల మంది ఒకే సమయానికి బయటికి వస్తే వీధి ఇరుకైపోతుంది.

గుడి మైకు, మసీదు అజాన్ వినపడని ఇల్లు మాత్రం ఈ ఊళ్ళో వెతకొద్దు, దొరకదు. పుట్టినప్పటి నుంచీ విన్నవాళ్ళకు అవి గడియారం లాంటివి. వినాయక చవితికి కూడా సిద్ధపడండి. ఇక్కడ నిమజ్జనం కేసీ (కర్నూలు-కడప) కెనాల్‌లో వినాయక ఘాట్ దగ్గర పెద్ద ఎత్తున జరుగుతుంది. ఆ రోజు ఊరేగింపు దారుల్లో ఆటోలు దొరకవు, మీ శ్రీమతి డ్యూటీ ఉంటే ముందే బయల్దేరాలి. ఏడాదికి ఒక్కరోజు. పాపను, బాబును తీసుకెళ్ళి చూపించండి, చూడాల్సిన ఉత్సవం.

కేసీ కెనాల్ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను. పంతొమ్మిదో శతాబ్దంలో తవ్విన కాలువ అది, తుంగభద్ర మీది సుంకేసుల బ్యారేజీ నుంచి బయల్దేరి ఊళ్ళో నుంచే కడప వైపు పోతుంది. నీళ్ళు పారుతున్నప్పుడు గట్టు పక్క ఇల్లు చూస్తే ఎవరికైనా మనసు లాగుతుంది. కాలువకు నీళ్ళు ఆపేసిన నెలల్లో ఒకసారి వెళ్ళి చూడండి. ఊరి మురుగు నిలిచిపోయి దోమలు, వాసన. కిటికీలు మూసుకుని బతకాలి. చిన్నపిల్లలున్న ఇంటికి గట్టు పక్క ఇల్లు వద్దనే అంటాను. రెయిలింగ్ లేని చోట్లు కూడా ఉన్నాయి.

నీళ్ళ గురించి అడగలేదు మీరు. అడగకుండా ఇల్లు తీసుకుంటే ఏప్రిల్‌లో తెలుస్తుంది. ఊరికి తాగునీరు ముఖ్యంగా సుంకేసుల నుంచి వస్తుంది, మునగాలపాడు దగ్గర వేసవికి నిల్వ చేసే చెరువు ఉంది. ఎండాకాలంలో తుంగభద్ర ఎండితే కుళాయిలు వదిలే రోజుల మధ్య ఎడం పెరుగుతుంది. అప్పుడు ఇంట్లో సంపు ఎంత పెద్దదన్నదే ప్రశ్న. ఓనరు "నీళ్ళకు కరువే లేదు" అంటాడు. మీరు మూత తీయించి కొలవండి. అడుగుల్లో పొడవు, వెడల్పు, లోతు గుణిస్తే వచ్చిన దాన్ని 28తో గుణించండి, అన్ని లీటర్లు పడతాయి. ఆరడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు, ఐదడుగుల లోతు సంపు అనుకుందాం. 150 ఘనపుటడుగులు, అంటే 4,200 లీటర్లు. ఊళ్ళలో నీటి పథకాలు వేసేటప్పుడు మనిషికి రోజుకు 135 లీటర్ల లెక్క పెడతారు. మీరు ఐదుగురు, రోజుకు 675 లీటర్లు. ఆ సంపు మీ ఒక్కరిదే అయితే ఆరు రోజులు వస్తుంది. అదే సంపు మీద మూడు పోర్షన్లు ఉంటే రెండు రోజులకే అడుగంటుతుంది. అందుకే సంపు సైజు ఒక్కటే అడిగి ఊరుకోకండి, దాని మీద ఎన్ని కుటుంబాలు ఉన్నాయో, మోటారు ఎవరు వేస్తారో, ఆ కరెంటు బిల్లు ఎవరి మీటరులో పడుతుందో అడగండి. పోర్షన్ల మధ్య కొట్లాటలు నేను చూసినంతలో ఎక్కువ భాగం ఈ మోటారు దగ్గరే మొదలవుతాయి.

బోరు ఉంటే మంచిదే, కానీ చాలా చోట్ల ఉప్పు నీళ్ళు. బాత్రూం కుళాయి మూతుల చుట్టూ తెల్లగా పొర కట్టి, గీజరు నెలల్లోనే పాడవుతుంటే బోరు నీళ్ళే వాడుతున్నారని తెలిసిపోతుంది. కుళాయి ఏ రోజు, ఎన్ని గంటలకు వస్తుందో వార్డు ఆఫీసులో అడిగితే చెప్తారు. ఎదురింటి ఆవిడను అడిగితే ఇంకా కచ్చితంగా చెప్తుంది.

ఎండల మాట వేరే చెప్పాలా, మీరు నంద్యాల వాళ్ళే. పైకప్పు నేరుగా ఎండకు కాగే పై పోర్షన్ అయితే మే నెలలో రాత్రి పన్నెండుకు కూడా గోడలు వేడి కక్కుతూనే ఉంటాయి. బాడుగ తక్కువని పై అంతస్తు తీసుకుంటే మిగిలిన డబ్బు ఏసీ బిల్లుకే పోతుంది, పైగా కరెంటు వాడకం పెరిగేకొద్దీ యూనిట్ రేటు కూడా పై శ్లాబుకు పోతుంది. అందుకే మీ పోర్షన్‌కు విడి మీటరు ఉండి తీరాలి. ఇద్దరికీ ఒకే మీటరు అయితే ఇద్దరి వాడకం కలిసి పెద్ద శ్లాబులో పడుతుంది, సబ్‌మీటరు పెట్టినా ఈ నష్టం పోదు. పడమటి గోడకు పడకగది ఉన్న ఇల్లు వద్దు, పగలు నిద్రపోవాల్సిన మీ శ్రీమతికి అది నరకం. పాత ఇళ్ళల్లో నేలకు బేతంచెర్ల బండలుంటాయి. చూడటానికి టైల్స్ అంత మెరుపు ఉండదు కానీ ఎండాకాలం కాలికి చల్లగా ఉంటాయి, తడి మీద అంత తేలిగ్గా జారవు. మోకాళ్ళు సరిగ్గా లేని పెద్దామెకు మెరిసే టైల్స్ కంటే అవే నయం. అమ్మగారి బాత్రూం మాత్రం మీరే లోపలికి వెళ్ళి చూడండి. గడప ఎంత ఎత్తుంది, వెస్టర్న్ కమోడ్ ఉందా, పట్టుకోవడానికి రాడ్ బిగిస్తే ఓనరు ఒప్పుకుంటాడా.

ఇప్పుడు ఎక్కడెక్కడ చూడాలో నా అభిప్రాయం చెప్తాను. మీ అవసరాలకు నేనైతే బి.క్యాంప్, సి.క్యాంప్ చుట్టుపక్కల లోపలి వీధులతో మొదలుపెడతాను. పాత ప్రభుత్వ క్వార్టర్ల పుణ్యమా అని రోడ్లు వెడల్పు, చెట్లున్నాయి, ఉద్యోగస్థుల కుటుంబాలు ఎక్కువ. సి.క్యాంప్ రైతు బజారు నడక దూరంలో ఉంటే కూరగాయలకు ఇబ్బంది ఉండదు, అమ్మగారికి పొద్దున్నే ఒక వ్యాపకం. సి.క్యాంప్ సెంటర్‌లో మాత్రం ట్రాఫిక్ ఉంటుంది, దాన్ని ఆనుకున్న ఇళ్ళు వదిలేయండి. ఆ తర్వాత వెంకటరమణ కాలనీ, కృష్ణానగర్. ఇళ్ళ మధ్య దుకాణాలు వచ్చిన వీధులు, రాని వీధులు రెండూ ఉన్నాయి, ఓపిగ్గా తిరిగితే దొరుకుతాయి. నంద్యాల చెక్‌పోస్ట్ వైపు మీ ఊరి బస్సుకు దగ్గర, బాడుగలు కొంచెం తక్కువ, కానీ పెద్ద రోడ్డు దాటకుండా పిల్లలు బడికి పోయే వీలుందో లేదో చూడండి. పాతబస్తీలో బంధువులో, తెలిసినవాళ్ళో ఉంటే దానికి సాటి లేదు, ఇల్లు తాళం వేసి పోయినా నలుగురు చూసుకుంటారు. ఎవరూ లేకపోతే కారు తిరగని సందుల్లో, ఎత్తు తక్కువ చోట కొత్త కాపురం పెట్టమని చెప్పలేను.

15 వేలకు అపార్ట్‌మెంట్ ఫ్లాట్ కంటే ఇండిపెండెంట్ ఇంట్లో కింది పోర్షన్ మీకు నప్పుతుంది. ఫ్లాట్‌లో మెయింటెనెన్స్ వేరే, లిఫ్టు చెడితే అమ్మగారు ఇంట్లోనే.

ఆడవాళ్ళ భద్రత గురించి ప్రత్యేకంగా ఒక మాట. ఆసుపత్రి షిఫ్టు రాత్రి ఎనిమిదికి మారుతుంది. ఆ సమయానికి మీరిద్దరూ ఆసుపత్రి గేటు నుంచి మీరనుకున్న ఇంటిదాకా రావాల్సిన దారిలోనే ఒకసారి రండి. వీధి దీపాలు ఎక్కడెక్కడ వెలగడం లేదు, మలుపులో వైన్ షాపు ఉందా, చికెన్ అంగళ్ళ దగ్గర కుక్కల గుంపు ఉందా, షేర్ ఆటో ఎక్కడిదాకా వస్తుంది, అక్కడి నుంచి ఎంత నడవాలి. వీధి నెమ్మదైనదే, కానీ ఎనిమిదిన్నరకే పూర్తిగా మూసుకుపోయి మనిషి కనిపించని వీధి అయితే ఒంటరిగా నడిచే మనిషికి అది టెన్షనే. అరుగుల మీద, గేట్ల దగ్గర తొమ్మిది దాకా పెద్దవాళ్ళు కూర్చుని మాట్లాడుకునే వీధి దొరికితే ఇంకేం ఆలోచించకండి.

వెతికే పద్ధతి. ఆన్‌లైన్‌లో కనిపించేవి తక్కువ, కనిపించిన వాటిలో ఎక్కువ బ్రోకర్లవే. నచ్చిన వీధి ముందు ఎంచుకుని, ఇస్త్రీ బండి అతన్ని, పాలు పోసే ఆయన్ను అడగండి. ఎవరు ఖాళీ చేయబోతున్నారో టు-లెట్ బోర్డు కంటే ముందు వాళ్ళకు తెలుస్తుంది. బడుల ఏడాది ముగిసే ఏప్రిల్, మే నెలల్లో ఇళ్ళు ఎక్కువగా ఖాళీ అవుతాయి.

ఇల్లు చూపించకముందే కులం, మతం అడిగే ఓనర్లు తగులుతారు. ఇది దాచాల్సిన విషయం కాదు. చదువుకున్నవాళ్ళు కూడా అడుగుతారు. మీది ఏదైనా కానివ్వండి, ఆ ప్రశ్నతో మొదలైన ఇల్లు తీసుకోకండి. అలాంటి ఇంట్లో రేపు మీ వంటింటి వాసన మీదా, మీ ఇంటికొచ్చే చుట్టాల మీదా లెక్క ఉంటుంది. అడగని ఓనర్లు ఈ ఊళ్ళో చాలామంది ఉన్నారు.

అగ్రిమెంటు 11 నెలలకు రాసుకోవడం ఇక్కడి ఆనవాయితీ. అడ్వాన్స్ ఎంత ఇచ్చారో, ఖాళీ చేసేటప్పుడు రంగుల కింద ఎంత పట్టుకుంటారో అందులోనే రాయించండి. దిగేరోజు గోడలు, కుళాయిలు, మీటరు రీడింగ్ ఫోన్‌లో ఫోటోలు తీసి ఓనరుకు వాట్సాప్‌లో పంపండి, తర్వాత మాట తేడా రాదు.

చివరగా, కొనడం గురించి. వెంటనే కొనకండి. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం ఆ వీధిలోనే బాడుగకు ఉండండి. మే నెలలో సంపు, అక్టోబరు వానకు వీధిలో నిలిచే నీళ్ళు చూశాక ధర మాట్లాడండి. ఇక్కడ చాలా చోట్ల నల్లరేగడి నేల. వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుపోతుంది. పునాది సరిగ్గా వేయని ఇంటికి కిటికీ మూలల నుంచి ఐమూలగా పగుళ్ళు వస్తాయి. సన్నటి వెంట్రుక గీతలైతే పూత పగుళ్ళు, భయం లేదు. పగులులో రూపాయి బిళ్ళ అంచు దూరుతుంటే, ఒకపక్క వెడల్పుగా, ఇంకోపక్క సన్నగా ఉంటే పునాది కదులుతోందన్నమాట. ఎండాకాలం చివర చూస్తే ఇవి బాగా బయటపడతాయి, వానాకాలంలో సగం మూసుకుపోతాయి. అమ్మేవాళ్ళు రంగులు వేయించేది కూడా అప్పుడే.

కాగితాల్లో ముప్పై ఏళ్ళ ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, తాకట్లు చూపే సర్టిఫికెట్), లింకు డాక్యుమెంట్లు (ఆస్తి ఇదివరకు చేతులు మారిన పాత దస్తావేజులు), మంజూరైన ప్లాను చూడాలి. సర్వే నంబరు రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల 22ఏ జాబితాలో లేదని సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో తేల్చుకోవాలి. నది, కాలువ, వాగు పక్క స్థలమైతే అంచు నుంచి వదలాల్సిన దూరం వదిలే కట్టారా అన్నది ప్లానుతో పోల్చి టేపు పెట్టి కొలిపించండి. ప్లానులో రెండంతస్తులుండి నేల మీద మూడుంటే ఆ మూడో దానికి బ్యాంకు విలువ కట్టదు. మీరు ఎంత పోసి కొన్నా లోను రెండింటికే వస్తుంది. రెండు మూడు వీధులు ఎంచుకున్నాక వాటి పేర్లు ఇక్కడే రాయండి. వాటిలో ఎత్తు, నేల సంగతి నాకు తెలిసినంతవరకు వీధి వారీగా చెప్తాను.